మా ఇంట్లో మాండరిన్ చేప పిల్లలు దక్కిన వైనం

మాండరిన్ చేపల చేత గుడ్లు పెట్టించడమే కష్టమని చాలామంది అనుకుంటారు. నా అనుభవంలో అది కష్టం కాలేదు. కడుపునిండా తిండి దొరికే జంట, రోజూ ఒకే వేళకు ఆరిపోయే దీపం, ఆ వేళకు కాస్త నెమ్మదించే నీరు ఉంటే అవి తమంతట తామే గుడ్లు పెడతాయి. అసలు కష్టం ఆ మర్నాడు మొదలవుతుంది. గుడ్డు పగిలి బయటికి వచ్చిన పిల్లకు రెండో రోజుకు నోరు తెరుచుకుంటుంది. ఆ నోట్లో పట్టేంత సన్నటి ప్రాణి, అదీ బతికి కదులుతున్న ప్రాణి, సరిగ్గా ఆ వేళకు ఆ నీటిలో వేల సంఖ్యలో ఉండాలి. ఈ ఒక్క ఏర్పాటు చేతనయ్యేసరికి నాకు పద్నాలుగు నెలలు పట్టింది. మూడు విడతల పిల్లలు నా చేతుల్లోనే పోయాయి.

నేను విశాఖపట్నంలో ఉంటాను, ఉద్యోగం బ్యాంకులో. ఉప్పునీటి అక్వేరియం పెట్టి ఆరేళ్లయింది. ఇక్కడ నేను చెబుతున్నది చైనాలో కూర వండుకునే మంచినీటి మాండరిన్ చేప గురించి కాదు. ఫిలిప్పీన్స్, ఇండోనేషియా దీవుల్లోనూ, ఉత్తరాన జపాన్‌కు చెందిన ర్యూక్యూ దీవుల దాకానూ, దక్షిణాన ఆస్ట్రేలియా దాకానూ పగడపు దిబ్బల సందుల్లో బతికే వేలెడంత చేప ఇది; శాస్త్రీయ నామం సింకిరోపస్ స్ప్లెండిడస్. ఒంటి మీద పొలుసులు ఉండవు, వాటికి బదులు దుర్వాసన వేసే చేదు జిగురు ఉంటుంది. నీలం నేల మీద నారింజ చారలు మెలికల ముగ్గు వేసినట్టు తిరిగి ఉంటాయి. ఆ రంగు చూసి కొన్నవారి తొట్టెల్లో ఈ చేప రెండు మూడు నెలలకు డొక్కలు ఎండి చచ్చిపోవడం మామూలు, ఎందుకంటే ఇది పళ్లెంలో వేసిన మేత తినే రకం కాదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా రాళ్ల మీద తిరుగుతూ కోపిపాడ్లనే సూక్ష్మ జీవులను ఒక్కొక్కటిగా ఏరుకుని తింటుంది.

అందుకే నేను చేపల కన్నా ముందు తొట్టెను సిద్ధం చేశాను. మూడు వందల లీటర్ల తొట్టె, లోతు 55 సెంటీమీటర్లు. గట్టి పగడాలన్నీ మన దేశంలో 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి కాబట్టి సముద్రం నుంచి తీసిన పగడపు రాయి జోలికి నేను వెళ్లలేదు, తయారు చేసిన కృత్రిమ రాయినే పేర్చుకున్నాను. అలాంటి రాయి మీద ప్రాణి అనేది ఏదీ ఉండదు. తోటి అభిరుచి గలవారి దగ్గర నుంచి ఒక సీసాడు టిస్బే జాతి కోపిపాడ్లు తెచ్చి వదిలి, పెద్ద తొట్టె నీరు దిగివచ్చే కింది తొట్టెలో గుబురు నాచు పెంచి, తొమ్మిది నెలలు ఒక్క చేప కూడా వేయకుండా ఉంచాను. ఇంటికి వచ్చిన ప్రతివారూ ఖాళీ తొట్టెను చూసి, చేపలు చచ్చిపోయాయా అని పరామర్శించి వెళ్లేవారు.

నీటి విషయంలో మాత్రం అదృష్టవంతుణ్ణి. మా బావమరిది భీమిలి వైపు ఒక రొయ్యల హేచరీలో టెక్నీషియన్. అక్కడ సముద్రపు నీటిని బ్లీచింగ్ వేసి శుద్ధి చేసి, థయోసల్ఫేట్‌తో క్లోరిన్ విరిచి, వడకట్టి వాడతారు. ఆ నీరే ఇరవై లీటర్ల క్యాన్లలో మా ఇంటికి వచ్చేది. అక్టోబరు, నవంబరు నెలల్లో మాత్రం నదుల వరద నీరు బంగాళాఖాతంలో కలిసి తీరం వెంట దిగడం వల్ల సెలినిటీ, అంటే నీటిలో ఉప్పు శాతం, బాగా పడిపోతుంది. అప్పుడు అక్వేరియం ఉప్పు కలిపి 34, 35 పీపీటీకి (వెయ్యి పాళ్ల నీటిలో అన్ని పాళ్ల ఉప్పు) తెచ్చుకోవలసి వచ్చేది.

చేపలను చెన్నైలోని ఒక దిగుమతి వ్యాపారి దగ్గర తెప్పించాను. ఆడ, మగ జంట అని పంపినవి రెండూ మగవే. పెట్టిన గంటలోనే చిన్నదాని తోక చీలికలైంది. తప్పు వ్యాపారిది ఎంతో నాదీ అంతే. మగదానికి వీపు మీది మొదటి రెక్కలో ముందు ముల్లు పొడుగ్గా సాగి ఉంటుంది, ఫొటోలో ఆ రెక్క ముడుచుకుని ఉంటే తెలియదు, రెక్క విప్పిన ఫొటో పంపమని నేను అడగలేదు. చిన్నదాన్ని వేరొకరికి ఇచ్చి, నెల రోజుల తరువాత నిజమైన ఆడచేపను తెప్పించుకున్నాను. మగది ఏడు సెంటీమీటర్లు, ఆడది అయిదు.

గుడ్లు పెట్టాలంటే ఆడదాని పొట్ట గుండ్రంగా ఉండాలి, రాళ్ల మీది కోపిపాడ్లు ఒక్కటే అందుకు చాలవు. ఒక వెడల్పు మూతి గాజు సీసాను ఇసుకలో పడుకోబెట్టి, అందులో రోజుకు రెండుసార్లు ఆర్టీమియా అనే ఉప్పునీటి సన్న రొయ్య బతికున్న పిల్లలను గొట్టంతో వదిలాను. వారం తరువాత వాటిలో గడ్డకట్టిన మైసిస్ రొయ్యల ముక్కలు కొద్దికొద్దిగా కలిపాను. మగది పదకొండో రోజున ఒక ముక్కను నోట్లోకి తీసుకుని, ఉమ్మేసి, మళ్లీ తీసుకుని మింగింది. ఆడది నెలన్నర దాకా మొండికేసింది. ఆ తరువాత నేను సీసా దగ్గరికి చెయ్యి పెడితే చాలు, రెండూ వచ్చి మూతి దగ్గర కూర్చునేవి.

దీపానికి టైమర్ పెట్టాను. తెల్ల దీపం ఆరున్నరకు ఆరిపోయి, నీలం దీపం ఏడింటి దాకా మిణుకుమంటూ ఉంటుంది. జంట కుదిరిన మూడో నెలలో, మే మొదటి వారంలో, ఒక సాయంత్రం ఆరూ నలభైకి మగది రాతి సందులోంచి బయటికి వచ్చి వీపు రెక్కను జెండాలా నిలబెట్టింది. ఆడదాని చుట్టూ రెండు మూడు ప్రదక్షిణలు చేసి, దాని పక్కకు చేరి, చేతుల్లా ఉండే తన కింది రెక్కను చాపింది. ఆడది దాని మీద వాలింది. బుగ్గకు బుగ్గ ఆనించి, పొట్టకు పొట్ట తగిలిస్తూ, ఒక్క తోక విదిలింపు కూడా లేకుండా రెండూ నిలువుగా పైకి తేలడం మొదలుపెట్టాయి. సగం దూరం వెళ్లి విడిపోయి కిందకు జారాయి. మళ్లీ తేలి మళ్లీ జారాయి. మూడోసారి నీటి మట్టానికి జానెడు దూరంలో క్షణంపాటు ఆగి ఒక్కసారి వణికాయి, ఆ చోట పలచటి పొగలాంటిది విడిపోయింది, మరుక్షణం రెండూ చెరో రాతి సందులో ఉన్నాయి. ఆ రోజు ఆ పొగంతా నా కళ్ల ముందే ఓవర్‌ఫ్లో దంతెల్లోంచి ఫిల్టర్‌లోకి వెళ్లిపోయింది. మోటారు ఆపాలన్న ఆలోచన నాకు రాలేదు.

నాలుగైదు రోజులకు ఒకసారి అదే తంతు జరుగుతూ వచ్చింది కాబట్టి తొందర పడవలసిన పని లేకపోయింది. మగది రెక్క నిలబెట్టగానే మోటార్లన్నీ ఆపేసేవాణ్ణి. వెలుతురుకు ఎర్ర కాగితం చుట్టిన టార్చి వాడేవాణ్ణి, ఆ కాంతిని అవి పట్టించుకోవు. గుడ్లు నీటి పైకి తేలుతాయి. ఒక్కొక్కటి మిల్లీమీటరు లోపు, గాజు పూసలా ఉంటుంది. గుండ్రటి చెంబును నీటి మట్టానికి అంచు ఆనేట్టు వంచితే నీటితో పాటు అవీ లోపలికి జారుతాయి. వలతో పట్టకూడదు, నలుగుతాయి. వాటిని ఇరవై లీటర్ల నల్లటి గుండ్రటి టబ్బులో పోసి, ఎయిర్ స్టోన్ తీసేసిన సన్న గొట్టంతో సెకనుకు ఒకటి రెండు బుడగలు వచ్చేట్టు గాలి వదిలి, 26 డిగ్రీల దగ్గర ఉంచాను. ఏడింటికి పెట్టిన గుడ్లు మర్నాడు తొమ్మిది, పది గంటల మధ్య పగిలాయి. తెల్లారేసరికి అడుగుకు దిగిపోయి తెల్లబడినవి చెడినవి, వాటిని వెంటనే తీసేయకపోతే నీరు పాడవుతుంది.

అప్పుడే పుట్టిన పిల్లకు కన్ను ఉండదు, నోరు ఉండదు. మా అమ్మాయి స్కూలు మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తే ఒక సొన సంచి, దానికి అతికించిన వెంట్రుక ముక్క, అంతే. సొన ఉన్నంతవరకు తిండి అక్కర్లేదు. ఆ రెండు రోజుల వెసులుబాటే నన్ను మోసం చేసింది.

మొదటి విడతకు ఏం పెట్టాలని అడిగితే మా బావమరిది, "బావా, రొయ్య పిల్లలకు మేం పెట్టేది ఆర్టీమియానే, ఒక డబ్బా తీసుకురానా?" అన్నాడు. తెచ్చాడు. ఆ ఆర్టీమియా గుడ్లు పొదిగించి చేప పిల్లల టబ్బులో వదిలాను. నాలుగో రోజు మధ్యాహ్నానికి టబ్బులో ఆర్టీమియా ఈదుతున్నాయి తప్ప చేప పిల్ల ఒక్కటీ లేదు. లెక్క వేసుకుంటే తప్పు కనబడింది. అప్పుడే పొదిగిన ఆర్టీమియా దాదాపు అర మిల్లీమీటరు ఉంటుంది. నా చేప పిల్ల మొత్తం పొడవే ఒకటిన్నర మిల్లీమీటర్లు. బిడ్డకు అన్నప్రాశన నాడు గుమ్మడికాయ చేతికిచ్చినట్టయింది.

రెండో విడతకు రోటిఫర్లనే సూక్ష్మ జీవులను సంపాదించాను, వాటిలో చిన్న రకం. ఇవి మిల్లీమీటరులో పదో వంతు నుంచి ఆరో వంతు దాకా ఉంటాయి. ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్లు రెండింటి మెడలు కోసి, 20 పీపీటీ ఉప్పునీరు పోసి, నానోక్లోరాప్సిస్ అనే ఆల్గేతో, అంటే కంటికి కనిపించనంత సన్నటి నాచుతో, నీరు లేత పచ్చగా ఉండేట్టు చూసుకుంటూ పెంచాను. రోజూ పావు వంతు నీటిని యాభై మైక్రాన్ల గుడ్డలో వడకట్టి పిల్లల టబ్బులో వేసేవాణ్ణి. టబ్బులో ఒక మిల్లీలీటరుకు పది రోటిఫర్లు తగ్గకుండా రోజుకు మూడుసార్లు లెక్కపెట్టేవాణ్ణి. పిల్లలు తిన్నాయి. మూడో రోజు మైక్రోస్కోపులో ఒక పిల్ల పేగులో రోటిఫర్ పెంకు స్పష్టంగా కనిపించింది, ఆ రోజు ఆఫీసుకు ఆలస్యంగా వెళ్లాను.

తొమ్మిదో రోజున చావులు మొదలయ్యాయి. పొట్ట నిండుగానే ఉన్నా పిల్లలు తల కిందులుగా తిరుగుతూ రాలిపోయాయి. పన్నెండో రోజుకు ఒక్కటీ మిగల్లేదు. ఇది ఆకలి చావు కాదు, పోషకాహార లోపం. సముద్రపు చేప పిల్ల మెదడు, కళ్లు ఎదగడానికి డీహెచ్ఏ అనే కొవ్వు ఆమ్లం తప్పనిసరి. నానోక్లోరాప్సిస్‌లో ఈపీఏ అనే మరో కొవ్వు ఆమ్లం బాగా ఉంటుంది కానీ డీహెచ్ఏ దాదాపు ఉండదు. రోటిఫర్ అనేది స్వతహాగా ఖాళీ సంచి లాంటిది, దాని పొట్టలో ఏ ఆల్గే ఉంటే అదే చేప పిల్లకు అందుతుంది. ఐసోక్రైసిస్ అనే గోధుమరంగు ఆల్గేలో డీహెచ్ఏ ఉంటుంది కాబట్టి మూడో విడతకు ఆ ఆల్గేను కూడా పెంచాను. ఆ విడత ఎలా ఉండేదో తెలియకుండానే పోయింది. ఆరో రోజు అర్ధరాత్రి కరెంటు పోయి నాలుగు గంటల దాకా రాలేదు, ఇన్వర్టర్‌కు ఎయిర్ పంపు కలపలేదు.

ఇక్కడ మా అమ్మ మాట చెప్పాలి. వంటింటి బాల్కనీ నిండా పచ్చ సీసాలు, గోధుమ సీసాలు, బుడగలు వస్తున్న క్యాన్లు చూసి, "చేపకి తిండి, ఆ తిండికి తిండి, దానికి మళ్లీ ఎరువు. ఇంతకీ చేప ఏదిరా నాన్నా?" అంది. నా దగ్గర జవాబు లేదు.

నాలుగో విడతలో మార్పు తెచ్చింది కోపిపాడ్. విశాఖలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ప్రాంతీయ కేంద్రంలో గ్రూపర్ అనే సముద్రపు చేప పిల్లలకు తొలి ఆహారంగా కోపిపాడ్ పిల్లలను వాడారని చదివాను. గ్రూపర్ పిల్ల నోరు కూడా చాలా చిన్నది. కోపిపాడ్ల మీద పరిశోధన చేస్తున్న ఒక విద్యార్థి దగ్గర పార్వోకెలానస్ జాతి అర లీటరు దొరికింది. ఈ జాతి రాళ్లకు అంటుకోదు, నీటి మధ్యలోనే ఈదుతుంది. దాని పిల్లలు రోటిఫర్ కన్నా సగం సన్నంగా ఉంటాయి. అన్నింటికన్నా ముఖ్యంగా అవి కుదుపులతో, ఆగి ఆగి కదులుతాయి. ఆ కుదుపు కనబడగానే చేప పిల్ల ఒళ్లు విల్లులా వంచి దూకుతుంది. రోటిఫర్ నిదానంగా గుండ్రంగా తిరుగుతూ ఎదురుగా వచ్చినా అంత చురుకు చూపేది కాదు. ఈ తేడాను భూతద్దంతో గంటల తరబడి చూశాను.

అయితే పార్వోకెలానస్‌ను పెంచడం రోటిఫర్‌ను పెంచడమంత సులువు కాదు. బతికున్న ఐసోక్రైసిస్ తప్ప వేరేది దానికి సరిపడదు. అడుగున మడ్డి చేరితే రెండు రోజుల్లో పలచబడుతుంది. ఒక్క రోటిఫర్ పొరపాటున అందులో పడితే వారంలో క్యానంతా రోటిఫర్లే అవుతాయి. అందుకని కోపిపాడ్ క్యాన్లను ముందు బాల్కనీకి మార్చి, వాటి గొట్టాలు, చెంబులు, వడగుడ్డలు విడిగా పెట్టి, పొద్దున ముందు వాటి పని ముగించి చేతులు కడుక్కున్నాకనే రోటిఫర్ల దగ్గరికి వెళ్లేవాణ్ణి. మా అమ్మ దీనికి మడి అని పేరు పెట్టింది. నిజానికి అంతకన్నా సరైన మాట నాకు తోచలేదు. ఇంట్లో ఎవరైనా ముందు బాల్కనీలోని చెంబు తీయబోతే, "అది మడి చెంబు, ముట్టుకోకు" అనేది.

ఈసారి క్యాన్లు నిండుగా ఉన్నాయని నమ్మకం కుదిరేదాకా, అంటే నెలన్నర పాటు, జంట పెట్టిన గుడ్లను వదిలేశాను. ఫిబ్రవరి చివరి వారంలో తీసిన గుడ్లు సుమారు తొంభై, పగిలినవి డెబ్బై వరకు. సొన తరిగి కళ్లు నల్లబడిన రోజు రాత్రే కోపిపాడ్ పిల్లలను మిల్లీలీటరుకు మూడు నాలుగు చొప్పున వేశాను, నాలుగో రోజు నుంచి వాటికి తోడు ఐసోక్రైసిస్ మేసిన రోటిఫర్లు. నీటిలో లేత రంగు వచ్చేంత ఆల్గే కలిపాను. దాని వల్ల రోటిఫర్ల పొట్ట ఖాళీ కాదు, పైగా పిల్లలు గోడకు కొట్టుకోకుండా నీరంతా సమంగా పరుచుకుని ఈదుతాయి. రోజుకు రెండు లీటర్ల నీటిని సన్న గొట్టంతో చుక్కలు చుక్కలుగా మార్చేవాణ్ణి. నీటి మీద నూనె తెట్టులాంటి పొర కడుతుంది, దానికి అంటుకుని పిల్లలు చచ్చిపోతాయి కాబట్టి పొద్దున, రాత్రి టిష్యూ కాగితం పరిచి తీసేవాణ్ణి. ఎయిర్ పంపును ఇన్వర్టర్‌కు కలిపి, దానికి తోడు ఒక బ్యాటరీ పంపు పెట్టాను.

పదమూడో రోజు పొద్దున టబ్బులో పిల్లలు సగానికి సగం కనబడలేదు. నాకు కాళ్లు ఆడలేదు. టార్చి వేసి చూస్తే టబ్బు గోడకు జొన్నగింజంత నల్లటి మచ్చలు అంటుకుని ఉన్నాయి. మడ్డి అనుకుని పిప్పెట్‌తో తాకబోతే ఒక మచ్చ కాస్త పక్కకు గెంతి కూర్చుంది. దానికి రెండు కళ్లు, చేతుల్లా చాపిన రెండు రెక్కలు ఉన్నాయి. మూడు నాలుగు మిల్లీమీటర్ల పొడవుకే ఈ చేప ఈత మాని అడుగు పట్టే దశకు వస్తుందని చదివాను గానీ, అంత చిన్న ఒంట్లో పెద్ద చేప నడక, ఆగి తల వంచి ఒక కంటితో మేతను పరీక్షించే ఆ వాలకం అప్పుడే వచ్చేస్తాయని ఊహించలేదు. పదహారో రోజుకు గోడకు చేరినవి ఇరవై రెండు లెక్కకు వచ్చాయి.

ఆ తరువాతి నెల గురించి చెప్పడానికి తక్కువే ఉంది. గోడ మీద తిరిగే టిస్బే కోపిపాడ్లు, మూడో వారం నుంచి అప్పుడే పొదిగిన ఆర్టీమియా పెట్టాను. మొదటి విడతను చంపిన ఆర్టీమియానే ఇప్పుడు పనికొచ్చింది. కొన్ని ఎదగకుండా ఉండిపోయి ఒక్కొక్కటే తగ్గాయి. రెండు నెలలు నిండేసరికి పదకొండు మిగిలాయి. అయిదో వారంలో బూడిద రంగు మీద నారింజ గీతలు, వాటి మధ్య నీలం తేలాయి. చేపల్లోనూ, పక్షుల్లోనూ మనకు కనిపించే నీలం సాధారణంగా రంగు పదార్థం కాదు, వెలుగు విరిగి వచ్చే భ్రమ. ఈ చేప చర్మంలో మాత్రం నీలం రంగు పదార్థాన్నే నింపుకున్న కణాలు ఉన్నాయని 1995లో జపాన్ శాస్త్రవేత్తలు గోడా, ఫుజీ ప్రకటించారు. మా టబ్బులోని పిల్ల పక్కకు తిరిగినా, నీడలోకి వెళ్లినా ఆ నీలం మారకపోవడం చూసినప్పుడల్లా అది గుర్తుకొచ్చేది.

అక్వేరియం చేపలను పెంచి అమ్మే, ఫ్లోరిడాలోని ఓఆర్ఏ సంస్థ 2010లోనే పెంపుడు మాండరిన్లను అమ్మకానికి తెచ్చింది, కాబట్టి నేను కొత్తగా కనిపెట్టింది ఏదీ లేదు. అయితే ఇంట్లో పుట్టిన పిల్లకూ దిగుమతి చేపకూ ఒక తేడా నేను కళ్లారా చూశాను. సముద్రం నుంచి వచ్చిన ఆడచేప గడ్డకట్టిన మైసిస్‌ను ముట్టడానికి నెలన్నర తీసుకుంది. ఈ పదకొండూ మూడో నెలలో, తురిమి వేసిన మైసిస్‌ను మూడో రోజుకే తిన్నాయి. మగవాటి ముల్లు సాగడం మొదలయ్యాక వాటిని విడదీశాను. ఆరింటిని, కోపిపాడ్లు నిండిన తొట్టె ఉందని ఫొటో చూపించిన వారికే ఇచ్చాను. అయిదు మా ఇంట్లోనే ఉన్నాయి.

నిన్న రాత్రి ఏడుకు అయిదు నిమిషాల ముందు పెద్ద జంట మళ్లీ పైకి తేలింది. మోటారు ఆపలేదు. ఎండలు ముదిరి ముందు బాల్కనీలో మడి క్యాను పలచబడింది, మిల్లీలీటరుకు ఒక్క కోపిపాడ్ కూడా లెక్కకు రావడం లేదు. అది తేరుకునేదాకా గుడ్లు ఫిల్టర్‌కే.